1990 ప్రాంతపు ఈమెయిళ్లలో కనిపించే !, %, @ గుర్తుల చిరునామాలను ఎలా చదవాలి?

గ్రంథపాలిక రాశారు:

సభ్యులకు నమస్కారం. మా కళాశాల గ్రంథాలయానికి ఒక విశ్రాంత ఆచార్యుల కాగితాలు పెట్టెలతో సహా వచ్చి చేరాయి. 1988 నుంచి 1992 వరకు విదేశాల్లోని సహపరిశోధకులు ఆయనకు పంపిన ఈమెయిళ్ల అచ్చుప్రతులు వాటిలో కట్టలుగా ఉన్నాయి, వాటికి జాబితా రాసే పని నాకు అప్పగించారు. ఉత్తరాల్లోని గణితం మాట అటుంచి, పైనున్న చిరునామాలే నాకు కొరుకుడు పడటం లేదు. అమెరికాలోని ఒకే వ్యక్తికి ఒక కాగితంలో "యూయూనెట్!సముద్రం!నది!రవి" అనీ, మరో కాగితంలో "రవి%నది.బిట్‌నెట్@క్యూనీవీఎం.క్యూనీ.ఈడీయూ" అనీ ఉంది. ఇంగ్లండు నుంచి రాసిన మరొకరి చిరునామా "సీత@యూకే.ఏసీ.కళాశాల.సీఎస్" అని తలకిందులుగా కనిపిస్తోంది. వ్యక్తుల పేర్లనూ కొన్ని యంత్రాల పేర్లనూ మార్చి రాశాను. ఇవి ఒకే చిరునామాకు వేర్వేరు రూపాలా, లేక వేర్వేరు చిరునామాలా? జాబితాలో ఏది ఎక్కించాలి?

తంతిపెట్టె రాశారు:

గ్రంథపాలిక గారూ, మీరు ఇచ్చిన వాటిలో మొదటిది చిరునామా కాదు, దారి. 1980లలో అన్ని యంత్రాలనూ కలిపే ఒక్క ఇంటర్నెట్ ఉండేది కాదు. అమెరికా రక్షణశాఖ నిధులతో నడిచే ఆర్పానెట్, అందులో చోటు దొరకని కంప్యూటర్ సైన్సు శాఖల కోసం 1981లో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో మొదలైన సీఎస్‌నెట్, ఐబీఎం మెయిన్‌ఫ్రేములు అనే పెద్ద కంప్యూటర్లున్న విశ్వవిద్యాలయాల బిట్‌నెట్, బ్రిటన్ విద్యాసంస్థల జానెట్, యూనిక్స్ యంత్రాలు టెలిఫోను మీద ఒకదానికొకటి డయల్ చేసుకునే యూయూసీపీ, ఇలా ఎవరి నెట్‌వర్క్ వారిదిగా ఉండేది. మనిషి పేరుకూ యంత్రం పేరుకూ మధ్య, మనవాళ్లు "ఎట్ ద రేట్" అని పలికే @ గుర్తును 1971లో బీబీఎన్ సంస్థలోని రే టామ్లిన్సన్ పెట్టారు గానీ, అది ఆర్పానెట్ ఇంటి ఆచారమే తప్ప మిగిలిన వారెవరికీ శాసనం కాదు.

యూయూసీపీని బెల్ ల్యాబ్స్‌లో మైక్ లెస్క్ రాశారు, 1979లో వెర్షన్ 7 యూనిక్స్‌తో పాటు అది బయటి ప్రపంచానికి అందింది. అందులో కేంద్రం అంటూ ఏదీ లేదు. మీ యంత్రానికి పక్కనున్న నాలుగైదు యంత్రాల ఫోన్ నంబర్లు మాత్రమే తెలుసు, వాటికి వాటి పొరుగువి తెలుసు. కాబట్టి ఉత్తరం ఏయే యంత్రాల చేతులు మారాలో పంపేవారే వరుసగా రాయాలి. "యూయూనెట్!సముద్రం!నది!రవి" అంటే ముందుగా యూయూనెట్ అనే యంత్రానికి ఇవ్వండి, అది సముద్రానికి ఇస్తుంది, సముద్రం నదికి ఇస్తుంది, అక్కడ రవి అనే వినియోగదారు ఉన్నారని అర్థం. ప్రతి యంత్రం తన పేరును కొట్టివేసి, మిగిలిన దారిని తరువాతి దానికి అప్పగించేది. రాత్రిపూట దూరప్రాంతపు ఫోన్ ఛార్జీలు తగ్గేవి కనుక చాలా యంత్రాలు చీకటి పడ్డాకనే డయల్ చేసేవి.

ఇందువల్ల ఒకే మనిషికి, రాసేవారు ఎక్కడి నుంచి రాస్తున్నారన్న దాన్ని బట్టి, వేర్వేరు దారులు ఉండేవి. వ్యాసాల్లో తమ దారిని అచ్చువేసుకునేవారు అందరికీ తెలిసిన ఒక పెద్ద యంత్రం నుంచి మొదలుపెట్టేవారు. బెల్ ల్యాబ్స్‌లోని ఐహెచ్‌ఎన్‌పీ4, డిజిటల్ ఈక్విప్‌మెంట్ అనే కంప్యూటర్ సంస్థ యంత్రమైన డెక్‌వ్యాక్స్, బెర్క్‌లీలోని యూసీబీవ్యాక్స్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఎంసీవ్యాక్స్ అటువంటివి. మీ కట్టల్లో ఈ పేర్లు ఫ్లవర్ బ్రాకెట్‌లో కామాలతో వరుసగా కనిపిస్తే, వీటిలో దేని ద్వారానైనా రావచ్చునని అర్థం. ఆ యంత్రం దాకా ఎలా చేరాలో రాసేవారే తేల్చుకోవాలి.

అక్షరకుంచె రాశారు:

తంతిపెట్టె గారూ, ఇన్ని యంత్రాల దారిని మామూలు మనిషి ఎలా కనుక్కునేవారు? పటం ఏదైనా ఉండేదా?

తంతిపెట్టె రాశారు:

ఉండేది. ఏ యంత్రం దేనికి, ఎంత తరచుగా డయల్ చేస్తుందో తెలిపే ప్రకటనలను స్వచ్ఛంద సేవకులు పోగుచేసి యూజ్‌నెట్ అనే చర్చావేదికలో ప్రచురించేవారు. స్టీవ్ బెలోవిన్, పీటర్ హనీమన్ రాసిన పాత్‌ఏలియస్ అనే ప్రోగ్రాం ఆ ప్రకటనలన్నింటినీ చదివి, మన యంత్రం నుంచి మిగిలిన ప్రతి యంత్రానికీ చవకైన దారిని లెక్కగట్టేది. ఆ చవక డబ్బు లెక్క కాదు. అంకితమైన తీగకు 95, గంటకోసారి మాట్లాడుకునే సంబంధానికి 500, రోజుకోసారి అయితే 5000, వారానికోసారి అయితే 30000 అని వెలలు కట్టారు. రోజుకు 24 గంటలున్నా రోజువారీ సంబంధపు వెల గంటవారీ వెలకు పది రెట్లే కావడం నాకు చాలా నచ్చిన విషయం. ఆలస్యాన్ని ఒక్కదాన్నే లెక్కవేస్తే గంటగంటకూ మాట్లాడుకునే యంత్రాలను పదిహేనింటిని గొలుసుకట్టి పంపడం మేలని తేలుతుంది. అయితే చేతులు మారిన ప్రతిచోటా ఉత్తరం పోయే ప్రమాదం ఉంటుంది కనుక, గొలుసు మరీ పొడవు కాకుండా వెలలను సర్దారు. అనుభవంతో తప్ప పుస్తకజ్ఞానంతో రాని లెక్క అది.

పేర్లతోనూ తలనొప్పి ఉండేది. యంత్రం పేరులో మొదటి ఆరేడు అక్షరాలే లెక్కకు వచ్చేవి, పేర్లను నమోదుచేసే అధికారి అంటూ ఎవరూ లేరు. ఇద్దరు నిర్వాహకులు తమకు నచ్చిన నవలాపాత్ర పేరునే తమ యంత్రాలకు పెట్టుకుంటే, ఒకరి ఉత్తరాలు మరొకరి గుమ్మంలో పడేవి.

ఎనభైకాలమ్ రాశారు:

రెండో చిరునామా గురించి నేను చెబుతాను. బిట్‌నెట్ 1981లో న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయానికీ యేల్ విశ్వవిద్యాలయానికీ మధ్య ఒక అద్దె తీగతో మొదలైంది. ఐరా ఫుక్స్, గ్రేడన్ ఫ్రీమన్ దాని ఆద్యులు. నెట్‌వర్క్‌లో చేరదలచిన సంస్థ తనకు దగ్గరలో ఉన్న సభ్యసంస్థ వరకు తీగ అద్దె తాను భరించాలి, తరువాత వచ్చేవారికి తాను ఆశ్రయం ఇవ్వాలి. ఐరోపాలో దీని తోబుట్టువు పేరు ఎర్న్, కెనడాలో నెట్‌నార్త్. యూయూసీపీకి భిన్నంగా ఇక్కడ ప్రతి యంత్రం దగ్గరా నెట్‌వర్క్ మొత్తానికీ దారుల పట్టిక ఉండేది కాబట్టి, "నదిలో రవి" అంటే చాలు, దారి రాయనక్కరలేదు. మనిషి పేరుకైనా యంత్రం పేరుకైనా ఎనిమిది అక్షరాలే పరిమితి.

ఆ ".బిట్‌నెట్" అనే తోక నిజమైన డొమైన్ కాదు. బయటివారికి ఇది ఏ నెట్‌వర్క్ తాలూకు పేరో గుర్తు చేయడానికి పెట్టుకున్న ముద్దుపేరు. ఇంటర్నెట్ వైపు నుంచి రాసేవారు ఉత్తరాన్ని ముందు రెండు నెట్‌వర్క్‌లలోనూ కాలు మోపిన గేట్‌వే యంత్రానికి పంపాలి. న్యూయార్క్‌లోని క్యూనీవీఎం అటువంటిది. @ గుర్తుకు కుడివైపున గేట్‌వే పేరు ఉంటుంది. ఉత్తరం అక్కడికి చేరాక గేట్‌వే తన పేరును తీసివేసి, మిగిలిన దానిలోని శాతం గుర్తును @ గా మార్చి, బిట్‌నెట్ లోపలికి వదులుతుంది. ఒక చిరునామాలో రెండు @ గుర్తులు ఉండకూడదు కనుక లోపలిదానికి శాతం గుర్తును వేషంగా వేశారన్నమాట. ఏ ప్రమాణపత్రమూ దీనిని ఆదేశించలేదు. అవసరం కొద్దీ పుట్టి, అందరూ వాడటం వల్ల నిలిచింది.

గ్రంథపాలిక రాశారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇప్పుడు కాగితాలు కొంత మాట్లాడుతున్నాయి. అయితే ఒక కాగితంలో "సముద్రం!రవి@నది" అని రెండు గుర్తులూ కలిసి ఉన్నాయి. ఇందులో ఉత్తరం ముందు సముద్రానికి వెళ్లాలా, నదికి వెళ్లాలా?

సర్వర్‌గది రాశారు:

ఎవరిని అడిగితే వారి సమాధానం వారిది. ఆర్పానెట్ పద్ధతి తెలిసిన యంత్రం 1982 నాటి 822వ ఆర్‌ఎఫ్‌సీ (నెట్‌వర్క్ పద్ధతులను వివరించే పత్రం) ప్రకారం @ కు కుడివైపున ఉన్నదే గమ్యం అనుకుని నదికి పంపుతుంది, అక్కడి నుంచి సముద్రానికి వెళ్తుంది. @ గుర్తు గురించి వినని పాత యూయూసీపీ యంత్రం ఎడమ నుంచి చదివి, ముందు సముద్రానికి ఇస్తుంది, "రవి@నది" అనేది సముద్రం తేల్చుకోవలసిన సంగతి అంటుంది. ఒకే ఉత్తరం దారిలో రెండు రకాల యంత్రాలనూ దాటితే తిరుగుటపాలో రావడం తప్పదు. 1986లో 976వ ఆర్‌ఎఫ్‌సీలో మేరీ ఆన్ హార్టన్ ఇటువంటి చోట @ కే ప్రాధాన్యం ఇవ్వాలని యూయూసీపీ వారికి సూచించారు. దానితో అందరూ మారిపోలేదు. మీ కాగితంలోని దాని సంగతి, దాన్ని అచ్చువేసిన యంత్రం ఏ జాతిదో తెలిస్తే తప్ప తేలదు.

ఈ సందర్భంలో సెండ్‌మెయిల్‌ను తలచుకోవాలి. బెర్క్‌లీలో ఎరిక్ ఆల్మన్ ఉన్న చోట ఆర్పానెట్, యూయూసీపీ, ఆవరణ లోపలి బెర్క్‌నెట్ మూడూ కలిసేవి. ఒక దానిలోంచి వచ్చిన ఉత్తరాన్ని మరొక దానిలోకి పంపడానికి ఆయన మొదట డెలివర్‌మెయిల్ రాశారు. నెట్‌వర్క్‌లు పెరిగే కొద్దీ ప్రోగ్రాంనే మార్చవలసి రావడంతో, చిరునామాలను తిరగరాసే నియమాలను వేరే ఫైలులో పెట్టి సెండ్‌మెయిల్ చేశారు. 1983లో బెర్క్‌లీ వారి 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌తో అది లోకమంతా వ్యాపించింది. ఆ నియమాల ఫైలును చూసినవారు డాలర్లూ చుక్కలూ తప్ప మరేమీ కనిపించలేదని భయపడటం సహజమే. అయితే ఇన్ని ఆచారాలను ఒకే యంత్రం అర్థం చేసుకోగలిగింది ఆ ఫైలు వల్లనే.

తంతిపెట్టె రాశారు:

సర్వర్‌గది గారి ప్రశంసలో సగమే ఒప్పుకుంటాను. ఎంతో శక్తి ఉన్న పనిముట్టే, కానీ ఆ శక్తి ప్రతి గేట్‌వే నిర్వాహకుని చేతిలోనూ పడింది. దారిలో ఉన్న యంత్రాలు గమ్యపు చిరునామాతో ఆగక, పంపినవారి చిరునామాను కూడా తమకు తోచిన రూపంలోకి "బాగుచేసేవి". "రవి@నది" అని బయలుదేరినది ఒక గేట్‌వేలో "సముద్రం!రవి@నది"గా, మరొకచోట "సముద్రం!నది!రవి"గా, ఇంకొకచోట శాతం గుర్తుతో మారేది. చివరికి అందుకున్నవారు జవాబు మీట నొక్కితే ఆ చిరునామా ఎక్కడికీ చేరేది కాదు. గ్రంథపాలిక గారికి దొరికిన మిశ్రమ రూపం అటువంటి బాగుచేతకు ఫలితమే అయివుండవచ్చు. దారిని తిప్పి చదివితే తిరుగుదారి వస్తుందన్న నమ్మకం కూడా తప్పే. ఒక యంత్రం తాను డయల్ చేసి మాట్లాడుతుందే తప్ప ఎదుటివారి నుంచి కాల్ అందుకోకపోవచ్చు.

సర్వర్‌గది రాశారు:

కత్తి పదునుగా ఉండటం కమ్మరి తప్పు కాదు కదా. తిరగరాయకుండా ఉంటే బిట్‌నెట్ వారికి ! గుర్తుతో జవాబు రాయడం అసాధ్యమయ్యేది. అసలు లోపం దారినే పేరుగా వాడటంలో ఉంది, అది సెండ్‌మెయిల్‌కు ముందునుంచీ ఉన్నదే.

థేమ్స్‌గట్టు రాశారు:

మూడో చిరునామా సంగతి ఇంకా ఎవరూ ఎత్తుకోలేదు. జానెట్‌లో పేర్లను పెద్దదాని నుంచి చిన్నదానికి రాసేవారు: దేశం, రంగం, సంస్థ, శాఖ. ఇంటర్నెట్ డొమైన్ల పద్ధతి దీనికి సరిగ్గా వ్యతిరేకం. తార్కికంగా చూస్తే బ్రిటన్ వారి వరుసే సబబని నా అభిప్రాయం. మన దేశంలో తపాలా కవరు మీద చిన్నదాని నుంచి పెద్దదానికి రాస్తాం గానీ, ఉత్తరాలు విడదీసే ఉద్యోగి కింది నుంచే చదువుతారు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో పీటర్ కర్‌స్టైన్ బృందం నడిపిన గేట్‌వే ఈ రెండు లోకాల మధ్య పేర్లను అటూ ఇటూ తిప్పేది.

పేరులో ఒక చివర "యూకే" కనిపిస్తే ఎటు తిప్పాలో యంత్రం ఊహించగలదు. అయితే చెకోస్లొవేకియాకు "సీఎస్" అనే దేశసంకేతం రావడంతో కొత్త చిక్కు వచ్చింది. కంప్యూటర్ సైన్సు శాఖలన్నీ తమ యంత్రాలకు అదే పేరు పెట్టుకుని ఉన్నాయి. మీ సీత గారి చిరునామా జానెట్ వరుసలోనే బయటి ప్రపంచానికి తప్పించుకుని వస్తే, చివరనున్న సీఎస్‌ను చూసి ఇంటర్నెట్ యంత్రం ఆమె ప్రాగ్ నగరంలో ఉన్నారనుకునే ప్రమాదం ఉంది.

మోడెమ్‌రాగం రాశారు:

దారినీ పేరునూ విడదీసినది ఏమిటో చెప్పకుండా చర్చ ముందుకు సాగితే పొరపాటవుతుంది. 1983లో పాల్ మాకపెట్రిస్ డొమైన్ నేమ్ వ్యవస్థను ప్రతిపాదించారు. ఈమెయిల్ విషయంలో అసలు మలుపు మాత్రం 1986 జనవరిలో క్రెయిగ్ పార్ట్‌రిడ్జ్ రాసిన 974వ ఆర్‌ఎఫ్‌సీతో వచ్చిందని నేను అనుకుంటాను. అందులో వివరించిన ఎంఎక్స్ నమోదు చెప్పేది చాలా చిన్న సంగతి: ఈ పేరు గల చోటుకు ఉత్తరం ఉంటే ఫలానా యంత్రానికి ఇవ్వండి, అది పలకకపోతే ఫలానా మరో యంత్రానికి ఇవ్వండి. వరుసను నిర్ణయించడానికి ఒక్కో యంత్రం పక్కన ఒక అంకె ఉంటుంది, చిన్న అంకెకు ముందు అవకాశం.

ఇందులోని చమత్కారం ఏమంటే, ఆ పేరు గల యంత్రం ఇంటర్నెట్‌లో ఉండవలసిన అవసరమే లేదు. రాత్రికొకసారి మోడెమ్ మీద పలికే కళాశాలకు కూడా దర్జాగా డొమైన్ పేరు ఉండవచ్చు. రాసేవారు "రవి@కళాశాల" అని రాస్తే చాలు, దారి వెతికే భారం పంపేవారి నుంచి గేట్‌వే నిర్వాహకునికి మారింది. యూయూసీపీ, బిట్‌నెట్ వారు తమ తీగలను మార్చకుండానే ఇంటర్నెట్ పేర్లు పెట్టుకోగలిగారు. శాతం గుర్తు అవసరం క్రమంగా తగ్గడానికీ, 1989లో 1123వ ఆర్‌ఎఫ్‌సీ చిరునామాలో దారులు రాయడాన్ని నిరుత్సాహపరచగలగడానికీ ఇదే పునాది.

మన దేశానికి ఇది నేరుగా సంబంధించిన విషయం. కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో ఎర్నెట్‌ను ఆరంభించింది. ఐఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్‌సీ, బొంబాయిలోని ఎన్‌సీఎస్‌టీ అనే సాఫ్ట్‌వేర్ పరిశోధన కేంద్రం అందులో తొలి భాగస్వాములు. ఆ రోజుల్లో సంస్థల మధ్య ఉత్తరాలు డయల్-అప్ మీద యూయూసీపీతోనే నడిచేవి. 1989లో బొంబాయి ఎన్‌సీఎస్‌టీ నుంచి అమెరికాలోని యూయూనెట్‌కు సెకనుకు 9600 బిట్ల తీగ పడింది. దేశంలోని ఎర్నెట్ సంస్థలకు విదేశాల ఉత్తరాల రాకపోకలు ఆ సన్నని సందులోంచే జరిగేవి. యూయూనెట్ అంటే రిక్ ఆడమ్స్ 1987లో అమెరికాలో ప్రారంభించిన గేట్‌వే సంస్థ. మిత్రధర్మంగా ఇతరుల ఉత్తరాలు మోస్తున్న పెద్ద యంత్రాల మీద బరువు పెరగడంతో, రుసుము తీసుకుని అదే పనిని చేయడానికి అది పుట్టింది. గ్రంథపాలిక గారి కాగితాల్లో కొన్నాళ్లకు ! గుర్తులు పోయి "ఎర్నెట్.ఇన్" అనే తోక కనిపించడం మొదలైతే ఆశ్చర్యం లేదు. హైదరాబాదు విశ్వవిద్యాలయపు చిరునామాలు కూడా ఆ తోకతోనే ఉండేవి.

అక్షరకుంచె రాశారు:

విద్యాసంస్థల బయట డబ్బు కట్టి వాడే సేవలు కూడా ఉండేవి కదా, వాటి మాటేమిటి?

సర్వర్‌గది రాశారు:

ఎంసీఐ మెయిల్, కంప్యూసర్వ్ రెండూ 1989లో ఇంటర్నెట్‌తో ఉత్తరాలు మార్చుకోవడం మొదలుపెట్టాయి. మొదటిదానికి ఇంటర్నెట్ రూపకర్తల్లో ఒకరైన వింట్ సర్ఫ్ అప్పుడు పనిచేస్తున్న సీఎన్‌ఆర్‌ఐ అనే పరిశోధన సంస్థ, రెండోదానికి ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం గేట్‌వేలుగా నిలిచాయి. ప్రభుత్వ నిధులతో నడిచే తీగల మీద వాణిజ్య రద్దీని అనుమతించని కాలం కనుక, ప్రయోగం అనే పేరు మీద ఆ తలుపు తెరవవలసి వచ్చింది. కంప్యూసర్వ్ సభ్యుల సంఖ్యల మధ్యలో కామా ఉండేది. ఇంటర్నెట్ ఉత్తరంలో కామా అంటే ఇద్దరు గ్రహీతలను విడదీసే గుర్తు. అందువల్ల బయటివారు కామాకు బదులు చుక్క పెట్టి రాయాలి. ఈ చిన్న నియమం తెలియక పోగొట్టుకున్న ఉత్తరాలకు లెక్క ఉండదు.

టెలిఫోను శాఖల ప్రపంచం 1984లో ఎక్స్.400 అనే ప్రమాణం తెచ్చింది. దేశం, పరిపాలక సంస్థ, ప్రైవేటు సంస్థ, ఇంటిపేరు, పెట్టిన పేరు అన్నింటినీ విడివిడి గడులుగా నింపాలి. మన విదేశీ టెలిఫోను సంబంధాలు చూసిన వీఎస్‌ఎన్‌ఎల్ కూడా 1990లలో ఆ పద్ధతిలో ఒక సేవ నడిపింది. విజిటింగ్ కార్డు మీద పట్టని చిరునామాను ప్రజలు ఎందుకు వాడతారన్నది నా ప్రశ్న.

ఎనభైకాలమ్ రాశారు:

చిరునామా సరిపోయినంత మాత్రాన లోపలి విషయం క్షేమంగా చేరుతుందన్న భరోసా ఉండేది కాదు. బిట్‌నెట్ యంత్రాలు మిగిలినవారు వాడే ఆస్కీ అనే అక్షర సంకేతాన్ని కాక ఎబ్సిడిక్ అనే ఐబీఎం అక్షర సంకేతాన్ని వాడేవి, ఉత్తరాలు ఎనభై కాలమ్‌ల పంచ్‌కార్డుల రూపంలో ప్రయాణించేవి. గేట్‌వేలో ఒక సంకేతం నుంచి మరొక సంకేతానికి మార్చేటప్పుడు ఫ్లవర్ బ్రాకెట్లు, స్క్వేర్ బ్రాకెట్లు, టోపీ గుర్తు వేరే ఏవో గుర్తులుగా మారిపోయేవి. పంక్తి చివరి ఖాళీలు మాయమయ్యేవి. సీ భాషలో రాసిన ప్రోగ్రామును అలా పంపితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఫైలును మామూలు అక్షరాలుగా మార్చే యూయూఎన్‌కోడ్‌తో మూటకట్టి పంపినా, అది ఖాళీనీ కొన్ని ప్రమాదకరమైన గుర్తులనూ వాడేది కనుక మూట విప్పలేని స్థితి వచ్చేది. 1992లో నథానియల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ ఉత్తరాలకు ఫైళ్లు జోడించే మైమ్ ప్రమాణం రాసినప్పుడు, అందులో ఫైలును అక్షరాలుగా మార్చే బేస్64 పద్ధతికి ఎంచుకున్న అక్షరాలు ఆస్కీలోనూ ఎబ్సిడిక్‌లోనూ తప్పకుండా ఉండే వాటినే ఏరి తెచ్చినవి. ఈరోజు మనం పంపే ప్రతి ఫొటో జోడింపులోనూ ఆ పాత గేట్‌వేల భయం మిగిలి ఉంది.

అక్షరకుంచె రాశారు:

ఇది తెలుగుకూ వర్తిస్తుంది. ఏడు బిట్ల ఆస్కీ తప్ప మరేదీ నమ్మకంగా దాటని ఆ దారుల మీద తెలుగు లిపి పంపడం సాధ్యం కాదు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయ తెలుగువారు రూపొందించిన ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు చిన్న "టీ" అంటే త, పెద్ద "టీ" అంటే ట. యూజ్‌నెట్‌లోని తెలుగు చర్చాసమూహంలో పద్యాలు కూడా ఆ రూపంలోనే తిరిగాయి.

గ్రంథపాలిక రాశారు:

ఎంతో సమాచారం ఇచ్చారు. చివరిగా రెండు సందేహాలు. చిరునామాలను నేటి పద్ధతికి మార్చి రాయవచ్చునా? కొన్ని ఉత్తరాల మీద నాలుగైదు తేదీలు ఉన్నాయి, వాటిలో దేనిని ఉత్తరపు తేదీగా తీసుకోవాలి?

తంతిపెట్టె రాశారు:

దయచేసి ఒక్క గుర్తు కూడా మార్చకండి. ఉత్తరం ఏ సంస్థల చేతుల మీదుగా వచ్చిందో చెప్పే సాక్ష్యం ఆ ! , % గుర్తుల్లోనే ఉంది. ఉన్నది ఉన్నట్టు ఎక్కించి, మీ వివరణను పక్క గడిలో రాయండి.

తేదీల విషయానికి వస్తే, "డేట్" అనే పంక్తిలోనిది పంపినవారు రాసిన సమయం, అదే ఉత్తరపు తేదీ. "రిసీవ్డ్" అనే పంక్తులు ఒక్కో యంత్రం ఉత్తరాన్ని అందుకున్నప్పుడు పైన అతికించినవి కాబట్టి వాటిని కింది నుంచి పైకి చదవాలి. రెండు పంక్తుల మధ్య ఒక రాత్రో ఒక వారాంతమో గడిచి ఉంటే అక్కడ డయల్-అప్ సంబంధం ఉందని ఊహించవచ్చు. యూయూసీపీ యంత్రాలు వీటికి బదులుగా "ఫ్రమ్" పంక్తుల చివర "రిమోట్ ఫ్రమ్" అని తమ పేరు చేర్చేవి. ఒక్కో యంత్రం తన స్థానిక కాలాన్ని వేస్తుంది కనుక, కాలమండల సంకేతాన్ని కూడా తప్పకుండా రాసుకోండి. లేకపోతే అమెరికాలో సోమవారం రాత్రి బయలుదేరి బొంబాయిలో మంగళవారం ఉదయం చేరిన ఉత్తరానికి జాబితాలో సగం రోజు అదనపు ఆలస్యం అంటగట్టినట్టవుతుంది.